ముందు వరసలో మా చెల్లెలు

మా మనవరాలు ఎనిమిదో తరగతి. ఇంట్లో వాళ్ళందరి గురించీ రాసుకు రమ్మన్నారని ఒక సాయంత్రం నోటుబుక్కు పట్టుకుని నా ఎదురుగా కూర్చుంది. నేను చేటలో కందిపప్పు పోసుకుని రాళ్ళు ఏరుతున్నాను. పేరు, వయసు, చదువు అడిగింది. మూడో తరగతి అని చెప్పాను. తర్వాత హాబీ ఏమిటని అడిగింది. హాబీ అంటే ఏమిటో చెప్పమన్నాను. పని లేనప్పుడు ఇష్టంగా చేసేది అంది. నాకు పని లేనప్పుడంటూ ఉండదు, అలాగే రాసుకోమన్నాను. "లేదు" అని ఒక్క ముక్క రాసుకుని లేచిపోయింది.

చదువు తక్కువైనా మాటల విషయంలో నాకు పట్టింపు ఎక్కువ. నేను మాటలను పుస్తకంలో చూసి నేర్చుకోలేదు, మనుషులు వాడగా విని నేర్చుకున్నాను. పని తప్పించుకునే వాళ్ళు కాలక్షేపం అంటారు. అదే పని డబ్బున్నవాళ్ళు చేస్తే హాబీ అంటారు. నా అభిప్రాయం ఇంతే. ఇప్పుడు కూడా పెద్దగా మారలేదు. కాని ఆ మాట మీద మా అక్కచెల్లెళ్ళ మధ్య జరిగిన సంగతి రాయాలనిపించింది. అందులో తప్పు నాది కాబట్టి నేనే రాయడం న్యాయం.

నేను ఎక్కువగా నమ్ముకున్న మాట పద్ధతి. నలభై ఒకటో ఏట మా ఆయన పోయారు. ఫలానా విధంగా ఉండమని నాకెవరూ చెప్పలేదు. మా అమ్మమ్మను చూశాను కనుక నాకు నేనే తెలుసుకున్నాను. ఎవరైనా మంచి పని మీద బయల్దేరితే గుమ్మంలోకి వెళ్ళను. పెళ్ళిళ్ళలో సరుకుల గదిలో కూర్చుని ఏది ఎంత వాడారో, ఏది వృథా అవుతోందో చూసుకుంటాను. నా కొడుకు పెళ్ళి కూడా ఆ గది గుమ్మం దగ్గర్నుంచే చూశాను. నందిగామలో మా వీధి వాళ్ళు నన్ను పద్ధతి గల మనిషి అంటారు. ఆ మాట వినడం నాకు ఇష్టం. ఇష్టం లేదంటే అబద్ధమవుతుంది.

మా చెల్లెలు నాకన్నా ఆరేళ్ళు చిన్నది. పది దాకా చదివింది. మా పుట్టిల్లు జగ్గయ్యపేటే, అది మెట్టినదీ అక్కడే. మరిదికి సిమెంటు కొట్టు ఉండేది. రెండేళ్ళ క్రితం మధ్యాహ్నం భోజనం చేసి పడుకున్నవాడు మళ్ళీ లేవలేదు. ఒక్కతే కూతురు, ఖమ్మంలో కాపురం. అప్పట్నుంచి చెల్లెలు ఒంటరిగా ఉంటోంది. రోజూ పొద్దున నాకు ఫోన్ చేసేది. ఏం కూర అనేది, మోకాళ్ళు ఎలా ఉన్నాయనేది, పెట్టేసేది.

ఒక పొద్దున, కోలాటంలో చేరానని చెప్పింది.

ఈ మధ్య మా వైపు ఎక్కడ చూసినా కోలాటం గ్రూపులే. ఒకే రంగు చీరలు కట్టుకుని, చేతిలో కర్రలతో ఇరవై మంది, ముప్పై మంది ఆడవాళ్ళు. గుడి ఉత్సవాలకీ, పెళ్ళి ఊరేగింపులకీ, ఓణీల ఫంక్షన్లకీ ముందు వాళ్ళు ఆడుతూ నడవాల్సిందే. చిన్నపిల్లలు ఆడినా, ముత్తైదువలు ఆడినా నాకు అభ్యంతరం లేదు. నా చెల్లెలు ఆడడమే నాకు మింగుడు పడలేదు. నీకేమన్నా మతి పోయిందా అన్నాను. ఇంట్లో గోడలు చూస్తూ ఎంతసేపు కూర్చోను అంది. సాయంత్రం రెండు గంటలే కదా, హాబీ అనుకోమంది. మొగుడు పోయి రెండేళ్ళు నిండాయో లేదో హాబీ ఏమిటన్నాను. పొయ్యి మీద పాలున్నాయని చెప్పి పెట్టేసింది.

నెల తర్వాత నందిగామలో మా వీధి చివర గుళ్ళో కల్యాణం జరిగింది. జగ్గయ్యపేట గ్రూపును పిలిపించారు. పసుపు చీరలు, ఆకుపచ్చ అంచులు. ముందు వరసలో ఎడమ నుంచి రెండో మనిషి మా చెల్లెలు. తల్లో పూలు లేవు, నుదుట చిన్న స్టిక్కరు ఉంది. ఎత్తు తక్కువ కాబట్టి ముందు పెట్టారనుకున్నాను. కాసేపు చూస్తే అర్థమైంది, ఆట బాగా వచ్చు కాబట్టి పెట్టారు. వెనక వాళ్ళు దాని కాళ్ళు చూసి అడుగులు వేస్తున్నారు. ఒక్కసారి కూడా కర్ర తప్పలేదు. అది బాగా ఆడుతోందని తెలిసేసరికి నా కోపం ఇంకా పెరిగింది. ఎందుకో అప్పుడు ఆలోచించుకోలేదు.

ప్రసాదం వరసలో నా వెనక ఇద్దరు ఆడవాళ్ళు నిలబడ్డారు. వాళ్ళలో ఒకామె, ముందు వరసలో పొట్టిగా ఉన్నావిడ ఎంత హుషారుగా ఆడిందండీ, ఎవరో మీకు తెలుసా అని నన్నడిగింది. తెలియదంటే సరిపోయేది. మా చెల్లెలని చెప్పి ఊరుకున్నా సరిపోయేది.

"మా చెల్లెలేనండి. మొగుడు పోయాడు. చెబితే వినదు" అన్నాను.

మెల్లగా కూడా అనలేదు. నేను పద్ధతి తప్పలేదు, తప్పింది అదేనని నలుగురికీ వినపడాలని అన్నాను.

అడిగినామె కొడుకు పెళ్ళి తర్వాతి వారం చందర్లపాడులో. ఊరేగింపుకు ఇదే గ్రూపును మాట్లాడుకున్నారట. ఆ రాత్రే గ్రూపు పెద్దకు ఫోన్ చేసి, పెళ్ళికొడుకు ముందు అలాంటి వాళ్ళు వద్దని చెప్పిందట. ఈ సంగతంతా నాకు ఖమ్మం నుంచి మా చెల్లెలి కూతురు చెప్పింది. ఆ పెళ్ళికి రావద్దన్నారు. తర్వాత ఇంకో పెళ్ళికి కూడా వద్దన్నారు. ఆ తర్వాత ప్రాక్టీసుకు కూడా కబురు చేయడం మానేశారు. దాని స్థానంలో వేరొకామెను నిలబెట్టారు.

"నువ్వేం మాట్లాడావు పెద్దమ్మా? అమ్మ ఏడవను కూడా ఏడవట్లేదు. చీర మడత పెట్టి బీరువాలో పెట్టేసింది" అంది ఆ పిల్ల.

ఆ రోజు నుంచి మా చెల్లెలు నాకు ఫోన్ చేయలేదు. నేను చేస్తే ఎత్తలేదు. పది రోజులు బిగదీసుకుని కూర్చున్నాను. ఉన్నమాటే కదా అన్నాను, లేనిపోనివి కల్పించలేదు కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. పప్పులో ఉప్పు ఎక్కువైందని కోడలు అంటే దాని మీద అరిచాను. పదకొండో రోజు జగ్గయ్యపేట బస్సెక్కాను.

నేను వెళ్ళేసరికి అది వసారాలో చాప మీద ఎండుమిరపకాయలు పోసుకుని తొడిమలు తీస్తోంది. ఏడాది కారానికి. లేచి మంచినీళ్ళిచ్చింది, మళ్ళీ కూర్చుంది. నేనూ కింద కూర్చుని నాలుగు కాయలు ముందుకు లాక్కున్నాను. మా ఇద్దరికీ చిన్నప్పుడే వచ్చిన పని, చేతులు వాటంతటవే చేసుకుపోతాయి. చాలాసేపు ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

"నేను అబద్ధమాడానా?" అన్నాను చివరికి.

"ఆడలేదు."

"మరెందుకు ఫోనెత్తవు?"

"ఆవిడ నేనెవర్నని అడిగింది. నువ్వు నా మొగుడి సంగతి చెప్పావు."

ఘాటు కళ్ళలోకి ఎక్కిందని కొంగుతో తుడుచుకున్నాను. నిజంగా ఘాటే, కాని దానివల్ల మాత్రమే కాదు.

తర్వాత అది మామూలు గొంతుతో చెప్పుకుంటూ పోయింది. ఆయన పోయాక కూరలో ఉప్పు రెండుసార్లు వేసేదట. తలుపు తాళం వేసి, వేశానా లేదా అని వీధి చివర్నుంచి మళ్ళీ వెనక్కి వచ్చేదట. కోలాటంలో అడుగులు లెక్కపెట్టుకోవాలి, పక్కమనిషి కర్రకు అందాలి, ఎవరెటు తిరుగుతారో చూసుకోవాలి, వేరే ఆలోచన వచ్చిందంటే వేళ్ళు చితికిపోతాయి. ఆ రెండు గంటలూ దానికి ఏ ఆలోచనా ఉండేది కాదట. ఇంటికొచ్చి అన్నం తిని నిద్రపోయేదట. అదే నీకు హాబీగా కనపడింది అంది.

"నువ్వు పాతికేళ్ళకు పైగా సరుకుల గదిలో కూర్చున్నావ్. నేను ఎప్పుడన్నా ఇదేం పిచ్చని అడిగానా? నీకదే నయమనిపించింది, ఊరుకున్నా. నాకా గదిలో ఊపిరాడదక్కా."

భోజనం చేసి వెళ్ళమంది. అన్నం పెట్టింది. మాట మాత్రం మళ్ళీ కలపలేదు.

బస్టాండుకు పోకుండా ప్రాక్టీసు జరిగే చోటుకు వెళ్ళాను. రామాలయం పక్కన ఖాళీ స్థలంలో ఒక కుర్చీ మీద పాటల పెట్టె పెట్టుకుని ఆడుతున్నారు. గ్రూపు పెద్దకు నలభై ఐదేళ్ళుంటాయేమో. జాకెట్లు కుట్టే కొట్టుందట, మెడలో టేపు తీయకుండానే వచ్చేసింది. నేనెవర్నో చెప్పగానే పాట ఆపించి, కూర్చోండి పెద్దమ్మగారూ అంది. మర్యాదకు లోటు చేయలేదు. మా చెల్లెల్ని మళ్ళీ పిలవమన్నాను.

మాకేం కక్షలు లేవండి అంది. పిన్నిగారంత బాగా ఆడేవాళ్ళు మా గ్రూపులో ఇద్దరు కూడా లేరని తనే ఒప్పుకుంది. కాని పెళ్ళివాళ్ళు అడుగుతారు, ఒకరు వద్దంటే పది మందికి తెలుస్తుంది, ఇరవై ఆరు మంది ఆట ఒక్కరి కోసం ఆగిపోతుంది అంది. గుళ్ళో ఆడితే ఎవరూ అనరు కదా అన్నాను. ఆ మాట పుట్టింది గుళ్ళోనే కదండీ పెద్దమ్మగారూ, అన్నదీ మీరే కదా అంది. ఆడవాళ్ళందరూ కర్రలు పట్టుకుని వింటున్నారు. ఒకామె నవ్వు ఆపుకోవడానికి మొహం పక్కకు తిప్పుకుంది.

తెలియక అనేశాను, ఆ మాట పట్టించుకోవద్దని చెప్పాను.

"మీరు పట్టించుకోవద్దంటే వాళ్ళు మానరండి. నందిగామలో మీ మాటంటే గురి. వచ్చే నెల మీ మనవరాలి ఓణీల ఫంక్షనంట కదా, పిన్నిగారు చెప్పారు. దానికి మమ్మల్ని పిలిచి, పిన్నిగార్ని ముందు వరసలో పెట్టించండి. మీ ఇంట్లోనే పనికొచ్చిన మనిషి వాళ్ళకెందుకు పనికిరాదో నేనడుగుతా."

ఆమె గొంతులో వెటకారం లేదు. ఉంటే నాలుగు మాటలని వచ్చేసేదాన్ని.

ఆలోచించి చెబుతానని వచ్చేశాను. ఆడవాళ్ళకు బస్సులో టిక్కెట్టు లేదని తెలిసినా డబ్బు తీసి కండక్టరు చేతిలో పెట్టాను. ఆధార్ కార్డు చూపించండి మామ్మగారూ, డబ్బులెందుకు అని తిరిగిచ్చాడు. నా జన్మలో అంత పరధ్యానంగా ఎప్పుడూ లేను. చిల్లకల్లు దాటి హైవే ఎక్కేదాకా ఒకటే లెక్క. పాతికేళ్ళకు పైగా నేను ముందుకు రాకుండా ఉన్నాను. నా కొడుకు బాగున్నాడు, కోడలు బాగుంది, పిల్ల బాగుంది. నేను ముందుకు రాలేదు కాబట్టే బాగున్నారని లోపల ఎక్కడో గట్టిగా నమ్ముతున్నాను. ఇప్పుడు పిల్ల ముందు నేనే ఒకరిని నడిపించి, ఆ తర్వాత దానికి జ్వరమొచ్చినా, పరీక్ష తప్పినా, ఆ తప్పు ఎవరి నెత్తిన పడుతుంది? చదువు లేని బుర్రకు ఆ భయం ఎక్కువే. అటు చూస్తే, తొడిమలు తీస్తూ మొహం ఎత్తని చెల్లెలు.

ఇంటికొచ్చి కోడలికి చెప్పాను. కోడలు బడిలో టీచరు, ఇలాంటివి పట్టించుకునే మనిషి కాదు. నాకేం అభ్యంతరం లేదత్తయ్యా, మా అమ్మకు మాత్రం మీరే చెప్పండి అంది. వాళ్ళమ్మది వీరులపాడు. పట్టింపుల్లో ఆవిడ నాకేం తీసిపోదు. అందుకే మా ఇద్దరికీ ఎప్పుడూ కుదిరేది. ఆవిడకు ఫోన్ చేసి చెప్పాను.

"మీరేనా వదినగారూ ఈ మాటనేది? మీ పద్ధతులు చూసే గదా పిల్లనిచ్చాం."

"దానికేమన్నా అయితే నన్నే అనండి వదినగారూ."

"అయ్యాక అని ఏం లాభమండీ?"

ఆ ప్రశ్న నన్ను పది రోజులు తిననివ్వలేదు. అయినా గ్రూపు పెద్దకు రమ్మని కబురు పెట్టాను. మా చెల్లెలు వస్తానంది. కాని గ్రూపుతో వస్తుందట, చుట్టంగా కాదట. వాళ్ళ వ్యానులో వచ్చి, ఆడి, వాళ్ళ బంతిలో తిని, వాళ్ళతోనే వెళ్ళిపోతానని కూతురితో చెప్పించింది. నాకు కోపం రాలేదు. కోపగించుకునే హక్కు నాకు లేదు.

ఫంక్షను రోజు నేను అలవాటు ప్రకారం సరుకుల గదిలోనే ఉన్నాను. పాట మొదలైంది. గుమ్మం దగ్గరికొచ్చి చూశాను. మండపం గేటు దగ్గర్నుంచి పిల్లను గొడుగు కింద నడిపిస్తున్నారు. ఎర్ర లంగా, పచ్చ ఓణీ. కోడలు ఒక పక్క, వియ్యపురాలు ఒక పక్క. వాళ్ళ ముందు రెండు వరసల్లో గ్రూపు. మా చెల్లెలు ముందు వరసలో, ఎడమ నుంచి రెండో మనిషి. మా వీధి వాళ్ళు దాన్ని చూసి, తర్వాత నన్ను వెతుక్కుంటూ చూశారు. గుళ్ళో నేనన్న మాట విన్నవాళ్ళు వాళ్ళలో కనీసం నలుగురున్నారు.

సగం దూరం వచ్చారు. పిల్ల కాలు లంగా అంచులో పడింది. ముందుకు తూలి మోకాలి మీద కూలబడబోయింది. కోడలు రెక్క పట్టుకుని ఆపింది. గొడుగు పక్కకు వాలిపోయింది.

ఆడేవాళ్ళు ఆగిపోయారు. పాట మాత్రం పెట్టెలో మోగుతూనే ఉంది. వియ్యపురాలు పిల్లను చూడలేదు, తిన్నగా మా చెల్లెల్ని చూసింది. చూసి ఊరుకుంటే బాగుండేది. "నేననుకుంటూనే ఉన్నా" అంది, పక్కన నలుగురికీ వినపడేలా. మా చెల్లెలి చేతిలో కర్రలు కిందకు దిగిపోయాయి. అది తల తిప్పి, అంతమందిలో నేనెక్కడున్నానో వెతికి, నన్ను చూసింది. నేనేమంటానో అని చూస్తోంది.

ఆ క్షణంలో నా లోపల కూడా అదే మాట లేచింది. వియ్యపురాలన్న మాటే. లేవలేదని రాస్తే ఇదంతా రాసి దండగ.

అంతలో నా కళ్ళు లంగా అంచు మీద పడ్డాయి. అది నేల మీద నాలుగు వేళ్ళు పరుచుకుని ఉంది. అంత పొడుగు పెట్టించింది నేను. పిల్ల కొలతకు సరిగ్గా కుట్టిద్దామని కోడలంటే, పెరిగే పిల్ల, ఇంత ఖరీదు గుడ్డ ఒక్క రోజుకేనా, నాలుగు వేళ్ళు ఎక్కువ పెట్టించు, లోపలికి మడిచి కుట్టుకుందాం అన్నాను. మడిచి కుట్టే పని నాదే. ఫంక్షను హడావిడిలో పడి, చెల్లెలి సంగతి తలుచుకుంటూ, ఆ పని మరిచిపోయాను.

ఎలా వెళ్ళానో తెలియదు. జనాన్ని తోసుకుంటూ పోయి పిల్ల ముందు నేల మీద కూర్చున్నాను. నా మోకాళ్ళు టక్కుమన్నాయి.

"దీని అంచు చూడండి. మడిచి కుట్టాల్సింది నేను, మర్చిపోయా. పిల్ల తూలింది నా పొదుపు వల్ల, ఇంకెవరి వల్లా కాదు" అన్నాను. నా గొంతు నాకే పెద్దగా వినిపించింది.

నా జాకెట్టుకున్న పిన్నీసు తీసి ముందు వైపు మడత పెట్టాను. ఒక్కటి చాలదు. చెయ్యి పైకి చాపాను, ఎవరైనా ఇస్తారని. కాసేపు ఎవరూ కదల్లేదు. తర్వాత వియ్యపురాలు తన గాజులకున్న పిన్నీసు తీసి నా చేతిలో పెట్టింది.

"మరీ ఇంత పొడుగేంటండీ వదినగారూ?"

"ఇంకో రెండేళ్ళొస్తుందని."

మా మనవరాలికి నవ్వాగలేదు. నాయనమ్మా, త్వరగా కానియ్, అందరూ వీడియో తీస్తున్నారని సిగ్గుపడింది. నేను లేవబోతే కాళ్ళు లేవలేదు. కోడలు ఒక చెయ్యి పట్టుకుంది. రెండో వైపు నన్ను లేపింది మా చెల్లెలేనని దాని చేతిలో కర్రలు నా భుజానికి గుచ్చుకున్నాక తెలిసింది.

"ఆగారేం? ఆడండి" అన్నాను వాళ్ళతో.

గ్రూపు పెద్ద చెయ్యెత్తి లెక్క పెట్టింది. మళ్ళీ మొదలుపెట్టారు. నేను పక్కకు తప్పుకున్నాను గాని సరుకుల గదికి వెళ్ళడానికి దారి మూసుకుపోయింది, జనం నిండిపోయారు. స్టేజీ దాకా వాళ్ళ పక్కనే నడవాల్సి వచ్చింది. నడుస్తున్నంతసేపూ భయంగానే ఉంది. ఎవరూ ఏమీ అనలేదు. అన్నవాళ్ళు నాకు వినపడేలా అనలేదేమో.

అంతటితో నేను మారిపోయానని కాదు. ఇప్పటికీ ఎవరైనా ప్రయాణమవుతుంటే ఎదురు పోను. పద్ధతి అనే మాటకు నా అర్థం నాకు ఉంది, దాన్ని ఇంకొకరి నెత్తిన పెట్టి నలుగురిలో చెప్పడం మాత్రం మానేశాను. వియ్యపురాలు ఈనాటికీ ఆ రోజు నేను చేసింది పొరపాటేనంటుంది. పిల్లకు ఆ తర్వాత వారం జలుబు చేస్తే నాకు ఫోన్ చేసి మరీ అడిగింది. మామూలు జలుబేనని చెప్పాను. చెప్పే ముందు రెండు రాత్రులు నిద్రపోలేదన్నది ఆవిడకు చెప్పలేదు.

ఫంక్షను మధ్యాహ్నం మా చెల్లెలు అన్నట్టే వాళ్ళ బంతిలోనే తింది. వ్యాను హారను కొడుతోంది. అప్పుడు సరుకుల గది గుమ్మం దగ్గరికి వచ్చింది, చీర కొంగు నడుముకు దోపుకునే ఉంది, మొహమంతా చెమట.

"వచ్చే ఆదివారం గరికపాడులో పెళ్ళి. ముందు వరసే" అంది.

నన్ను అడగడం లేదు, చెబుతోంది. నేను మిగిలిన లడ్డూలు డబ్బాలో సర్దుతున్నాను.

"ఇంట్లో తినేసి వెళ్ళు. పెళ్ళిళ్ళలో భోజనాలు ఎప్పటికో పెడతారు" అన్నాను.

సరేనని వెళ్ళి వ్యానెక్కింది.